తొలి మెట్టే చివరి మెట్టు కాకూడదు

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన ప్రతి వేసవిలోనూ మన చర్చ ర్యాంకుల చుట్టూ తిరుగుతుంది. ర్యాంకు రాని పిల్లలు ఎక్కడికి వెళ్తున్నారు, వారిలో ఏ కులాల వారు ఎక్కువ అన్న ప్రశ్న మాత్రం పత్రికల పతాక శీర్షికలకు ఎక్కదు. ఆ ప్రశ్న బరువు తెలియాలంటే హైదరాబాద్‌లో సైదాబాద్‌ను చూడాలి. దానికి ఒకవైపు పాతబస్తీ, మరోవైపు కోచింగ్ కేంద్రాలకూ హాస్టళ్లకూ పేరుపడిన దిల్‌సుఖ్‌నగర్. ఇక్కడి సింగరేణి కాలనీ గుడిసెల్లో నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల తండాల నుంచి వలస వచ్చిన లంబాడీ కుటుంబాలున్నాయి. చుట్టుపక్కల బస్తీల్లో దళిత, వెనుకబడిన కులాల, ముస్లిం శ్రామిక కుటుంబాలున్నాయి. కోచింగ్ కేంద్రం కూతవేటు దూరంలోనే ఉన్నా దాని ఫీజు వారికి ఆమడ దూరం.

అఖిల భారత ఉన్నత విద్యా సర్వే 2021-22 ప్రకారం 18-23 ఏళ్ల వయోవర్గంలో ఉన్నత విద్యలో స్థూల నమోదు దేశం మొత్తం మీద 28.4 శాతం. ఎస్సీలలో అది 25.9, ఎస్టీలలో 21.2 శాతం మాత్రమే. రిజర్వేషన్ సీటు దాకా వచ్చిన వారికి హక్కునిస్తుంది. దాకా రాలేని వారి కోసం ఏ మెట్టు కట్టామన్నదే ఇప్పటి ప్రశ్న.

అమెరికా ఈ ప్రశ్నకు చెప్పుకున్న సమాధానం కమ్యూనిటీ కళాశాల. 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియెట్‌లో తొలి ప్రభుత్వ జూనియర్ కళాశాల మొదలైంది. ఊళ్లోనే ఉండి తక్కువ ఖర్చుతో రెండేళ్లు చదవడం, ఆ చదువును లెక్కలో వేయించుకుని విశ్వవిద్యాలయంలో మూడో ఏట చేరడం దాని సూత్రం. 1960లో కాలిఫోర్నియా ఒక బృహత్ ప్రణాళికతో దీనిని రాష్ట్ర విధానంగా మార్చింది. ప్రతిభావంతులుగా లెక్కించిన కొందరికి నేరుగా విశ్వవిద్యాలయం, మిగిలిన అందరికీ కమ్యూనిటీ కళాశాల, అక్కడి నుంచి పైకి బదిలీ మార్గం.

ఈ పద్ధతి మేలు తొలితరం విద్యార్థికే ఎక్కువ. చదువు ఇంటికి దగ్గరగా ఉంటే హాస్టల్ ఖర్చు తప్పుతుంది. ఆడపిల్లను దూరం పంపడానికి జంకే తల్లిదండ్రులకు ఒక అభ్యంతరం తగ్గుతుంది. ఉదయమో సాయంత్రమో తరగతులుంటే పని మానకుండానే చదవవచ్చు. తెలుగు, ఉర్దూ మాధ్యమాల నుంచి వచ్చిన విద్యార్థికి ఇంగ్లిషు చేతికి రావడానికి రెండేళ్ల వ్యవధి దొరుకుతుంది. అన్నింటికీ మించి, పదిహేడేళ్ల వయసులో రాసిన ఒక్క పరీక్ష జీవితకాలపు తీర్పు కాకుండా పోతుంది.

ఇది మనకు పూర్తిగా పరాయి ఆలోచన కాదు. మూసీ ఒడ్డున ఉన్న సిటీ కళాశాలలో 1921లో ఉస్మానియా పరిధిలో ఇంటర్మీడియట్ తరగతులు ఆరంభమయ్యాయి. మఖ్దూం మొహియుద్దీన్ పాఠాలు చెప్పిన ఆ కళాశాల నాడు విశ్వవిద్యాలయానికి మెట్టుగా పనిచేసింది. 1946లో అంబేడ్కర్ బొంబాయిలో సిద్ధార్థ కళాశాలను స్థాపించినప్పుడు ఉద్యోగాలు చేసుకునే యువకుల కోసం ఉదయం వేళ తరగతులు నడిపించారు. 1982లో హైదరాబాద్‌లో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఇంటర్ లేనివారు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే అవకాశం కల్పించింది. అది నేడు అంబేడ్కర్ పేరుతోనే ఉంది. పాలిటెక్నిక్ డిప్లొమా చేసిన విద్యార్థి ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏట చేరడం కూడా ఈ కోవలోదే. కింది మెట్టు నుంచి పై మెట్టుకు దారి వేయడం మనకు తెలుసు. ఆ దారిని కొన్ని చదువులకే పరిమితం చేశాం.

అయితే కులవ్యవస్థ ఉన్న సమాజంలో మెట్ల గురించి మాట్లాడేటప్పుడు జాగ్రత్త అవసరం. అంబేడ్కర్ కులాన్ని అంచెలంచెల అసమానత అన్నారు. చదువులోనూ అంచెలు కడితే కింది అంచె ఎవరిదవుతుందో చెప్పడానికి జ్యోతిషం అక్కర్లేదు. 1953లో మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో బడి వేళలు తగ్గించి, మిగిలిన సమయంలో పిల్లలు ఇంటి వృత్తి నేర్చుకోవాలన్నారు. ద్రావిడ ఉద్యమం దానిని కులవిద్యగా ఎండగట్టింది. మరుసటి ఏడాది కామరాజ్ ముఖ్యమంత్రి కాగానే ఆ పథకం రద్దయింది. అమెరికాలోనూ బర్టన్ క్లార్క్ అనే సామాజిక శాస్త్రవేత్త 1960లోనే హెచ్చరించాడు. పేద విద్యార్థి ఆశలను నెమ్మదిగా చల్లార్చి, చిన్న గమ్యంతో సరిపెట్టుకునేలా చేసే పని కూడా ఈ కళాశాలలు చేస్తున్నాయన్నది అతని పరిశీలన.

మన విధానాలను ఈ వెలుగులో చూడాలి. 2013లో యూజీసీ తెచ్చిన కమ్యూనిటీ కళాశాలల పథకం ప్రధానంగా నైపుణ్య సర్టిఫికెట్లు, డిప్లొమాల చుట్టూ అల్లుకున్నది. 2020 జాతీయ విద్యా విధానం ఏడాదికి సర్టిఫికెట్, రెండేళ్లకు డిప్లొమా ఇచ్చి బయటికి పంపే వెసులుబాటు కల్పించింది. తిరిగి రావచ్చునని కాగితం చెబుతుంది. కానీ ఇంట్లో ఆదాయం లేని విద్యార్థికి బయటికి వెళ్లే తలుపు సులభంగా తెరుచుకుంటుంది, లోపలికి వచ్చే తలుపు తెరుచుకోదు. మధ్యలో చదువు మానడం పాత సమస్య. దానికి డిప్లొమా అని పేరు పెట్టినంత మాత్రాన అది పరిష్కారం కాదు.

కాబట్టి సైదాబాద్ వంటి చోట ప్రభుత్వ కమ్యూనిటీ కళాశాల కావాలని అడుగుతూనే నాలుగు షరతులు పెట్టాలి. మొదటిది, బదిలీ దయ కాకూడదు, హక్కు కావాలి. ఇక్కడ రెండేళ్లు ఉత్తీర్ణులైన వారికి ఉస్మానియా వంటి విశ్వవిద్యాలయాల్లో మూడో ఏట సీట్లు చట్టబద్ధంగా కేటాయించాలి, వాటికి రిజర్వేషన్ వర్తించాలి. రెండోది, బ్యూటీషియన్, టైలరింగ్, మొబైల్ రిపేరు కోర్సులతో సరిపుచ్చకుండా గణితం, చరిత్ర, ఆర్థికశాస్త్రం, సాహిత్యం కూడా చెప్పాలి. మూడోది, పార్ట్‌టైమ్ అధ్యాపకులతో నెట్టుకురాకుండా శాశ్వత నియామకాలు జరగాలి. నాలుగోది, ఉపకారవేతనం నెలనెలా విద్యార్థి ఖాతాలోనే పడాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు పేరుకుపోయి, యాజమాన్యాలు సర్టిఫికెట్లు ఆపితే పై చదువుకు దారి అక్కడే మూసుకుపోతుందని తెలంగాణ విద్యార్థులకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆధిపత్య కులాల పిల్లలు నేరుగా ఐఐటీకి వెళ్తుంటే మనవాళ్లు బస్తీ కళాశాల నుంచి ఎందుకు మొదలుపెట్టాలన్న ప్రశ్న న్యాయమైనదే. ఎవరినీ అక్కడికి నెట్టకూడదు. కేంద్రీయ సంస్థల్లో రిజర్వేషన్ సీట్లను నింపే బాధ్యత నుంచి ప్రభుత్వం తప్పించుకోవడానికి ఇది సాకు కారాదు. కానీ ఈ రోజు ఏ కళాశాల గడపా తొక్కని యువతీ యువకులకు పెద్ద విశ్వవిద్యాలయాన్ని ఆదర్శంగా చూపి ఊరుకోవడం కూడా ఒక రకమైన నిరాకరణే. కమ్యూనిటీ కళాశాల విజయాన్ని అందులో ఎందరు చేరారన్న అంకెతో కొలవకూడదు. అక్కడి నుంచి ఎందరు పైకి వెళ్లారు, వారిలో ఏ కులాల వారు ఎందరు అన్న లెక్కను ప్రభుత్వం ఏటా శాసనసభ ముందుంచాలి. ఆ లెక్క చెప్పడానికి సిద్ధపడని ప్రభుత్వం కట్టేది విశ్వవిద్యాలయానికి మెట్టు కాదు, బహుజనుల చుట్టూ మరో కంచె.