మీకు తెలుసా? రాగి తీగ అడిగేది 100 ఓమ్‌లు

ల్యాండ్‌లైన్ తీగ మీదే ఇంటర్నెట్ వచ్చిన రోజుల్లో చాలా ఇళ్లలో ఒకటే ఫిర్యాదు: ఫోన్ ఎత్తితే నెట్ పోతోంది. సెకనుకు 256 కిలోబిట్లు వస్తే దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనవచ్చని 2004లో మన కేంద్ర ప్రభుత్వ విధానం చెప్పింది. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ ఆ సేవ మొదలుపెట్టింది. మాటల కోసం ఎప్పుడో పాతిన రాగి తీగల మీదే అదంతా నడిచింది. నెట్ తెగినప్పుడల్లా తీగ పాతదైపోయిందనుకుని సరిపెట్టుకున్నారు జనం. కానీ చాలాసార్లు తప్పు తీగది కాదు. తీగ చివర ఏం తగిలించారు, మధ్యలో ఎక్కడ అతుకు వేశారు అన్నదే అసలు సంగతి.

అర మిల్లీమీటరు మందం ఉన్న టెలిఫోన్ జతను ఒక కిలోమీటరు తీసుకుని, ఆ చివర రెండు కొసలూ కలిపి, ఈ చివర మల్టీమీటర్ పెడితే సుమారు 175 ఓమ్‌లు చూపిస్తుంది. రెండు కిలోమీటర్లైతే 350. ఇది రెసిస్టెన్స్, పొడవును బట్టి పెరుగుతుంది. బ్రాడ్‌బ్యాండ్ సిగ్నల్‌కు ఎదురయ్యేది ఇది మాత్రమే కాదు. దానికి ఇంపెడెన్స్ అనే మరో లెక్క ఉంది, దాన్ని మల్టీమీటర్ చూపించలేదు. తీగల మందం, రెంటి మధ్య ఎడం, పైనున్న ప్లాస్టిక్ రకం కలిసి దాన్ని తేలుస్తాయి. పొడవుతో పని లేదు. పది మీటర్ల ముక్కకైనా, మూడు కిలోమీటర్ల లైనుకైనా అది 100 ఓమ్‌ల చుట్టుపక్కలే. కిలోమీటరుకు ఇండక్టెన్స్ దాదాపు అర మిల్లీహెన్రీ, కెపాసిటెన్స్ దాదాపు 50 నానోఫారడ్‌లు. మొదటిదాన్ని రెండోదానితో భాగించి వర్గమూలం తీయండి, 100 వస్తుంది.

అదే తీగకు మాటల పౌనఃపున్యాల్లో ఈ లెక్క చెల్లదు. అక్కడ టెలిఫోన్ పరికరాలు చాలావరకు 600 ఓమ్‌ల ప్రమాణం మీద తయారయ్యాయి. ఫోన్‌నీ మోడెమ్‌నీ ఒకే లైనుకు తగిలించినప్పుడు వచ్చే తంటాలకు మూలం ఇక్కడుంది.

100 ఓమ్‌ల లైను చివర 100 ఓమ్‌ల పరికరం ఉంటే, వచ్చిన తరంగం మొత్తం అందులోకి వెళ్లిపోతుంది. తేడా ఉంటే కాలువలో అల గట్టుకు తగిలినట్టు కొంత వెనక్కి మళ్లుతుంది. ఎంత మళ్లుతుందో చెప్పే సూత్రం తేలికే: రెండు ఇంపెడెన్స్‌ల తేడాను వాటి మొత్తంతో భాగించాలి. 600 ఓమ్‌ల పరికరమైతే 500ను 700తో భాగించాలి, 0.71 వస్తుంది. శక్తి లెక్కలో చూడాలంటే దాన్ని వర్గం చేయాలి, 0.51. అంటే వచ్చిన శక్తిలో సగానికి పైగా గుమ్మం దాకా వచ్చి వెనుదిరిగినట్టే. అదే పరికరం 150 ఓమ్‌లదైతే పోయేది 4 శాతమే. కాబట్టి అచ్చంగా కలవకపోయినా దగ్గరగా కలిస్తే శక్తి నష్టం పెద్దగా ఉండదు.

అసలు ప్రమాదం నష్టంలో లేదు, ప్రతిధ్వనిలో ఉంది. ఎక్స్ఛేంజ్ నుంచి రెండు మూడు కిలోమీటర్లు వచ్చేసరికి మెగాహెర్ట్జ్ ప్రాంతపు సిగ్నల్ పదివేలో వంతే మిగులుతుంది, కొన్నిచోట్ల ఇంకా తక్కువ. ఇదే తీగ మీద, ఇదే క్షణంలో మోడెమ్ తన సిగ్నల్‌ను పూర్తి బలంతో పంపుతుంటుంది. అందులో నూటికి ఒక వంతు తనకే తిరిగి వచ్చినా, దూరం నుంచి వచ్చిన దానికంటే అది వంద రెట్లు పెద్దది. ఫోన్ తీగ మీద బ్రాడ్‌బ్యాండ్ ఇచ్చే డీఎస్ఎల్ పద్ధతిలో ఒక రకమైన ఏడీఎస్ఎల్‌లో పంపేందుకు 25 నుంచి 138 కిలోహెర్ట్జ్, అందుకునేందుకు అక్కడి నుంచి 1.1 మెగాహెర్ట్జ్ దాకా విడదీశారు. అయినా ప్రతిధ్వని బలంగా ఉంటే రిసీవర్ దాంతోనే నిండిపోయి, సన్నటి సిగ్నల్‌కు చోటు దొరకదు. దీన్ని ఆపడానికి మోడెమ్‌లో హైబ్రిడ్ అనే సర్క్యూట్ ఉంటుంది. లైను ఇంపెడెన్స్‌కు నకలు ఒకటి దగ్గర పెట్టుకుని, తన సొంత సిగ్నల్ ఎంత వినబడుతుందో దాన్నిబట్టి తీసివేస్తుంది. నకలు అసలుకు ఎంత దగ్గరగా ఉంటే అంత బాగా వింటుంది.

మోడెమ్ విప్పితే ఫోన్ తీగ గుచ్చే చోటుకు దగ్గర్లోనే వేలి గోరంత ట్రాన్స్‌ఫార్మర్ కనిపిస్తుంది. దాని చుట్ల నిష్పత్తి 1:2 అనుకుందాం. ఇంపెడెన్స్ నిష్పత్తి వర్గం ప్రకారం మారుతుంది గనుక, లైనులోని 100 ఓమ్‌లు చిప్ వైపు 25గా కనిపిస్తాయి. వాటికి జోడుగా అటూ ఇటూ పన్నెండున్నర ఓమ్‌ల రెసిస్టర్లు పెడితే లెక్క కుదురుతుంది గానీ, పంపే శక్తిలో సగం వాటిలోనే వేడిగా పోతుంది. అందుకని ఇంజినీర్లు ఇంకా చిన్న రెసిస్టర్ పెట్టి, ఫీడ్‌బ్యాక్‌తో అది పెద్దదిలా ప్రవర్తించేలా చేశారు. అవసరం తెలిసి చేసిన ఇలాంటి పొదుపు చూస్తే నాకు ఆ డిజైనర్ల మీద గౌరవం పెరుగుతుంది.

ఇప్పుడు మన ఇళ్లలోకి వద్దాం. కింద ఒక ఫోను, మేడ మీద పారలల్ ఫోను పెట్టుకోవడం ఒకప్పుడు మామూలే. తర్వాత పై ఫోన్ తీసేశారు, తీగ మాత్రం గోడకు అలాగే ఉండిపోయింది. కొస ఖాళీ కదా, ఏం చేస్తుందిలే అనుకుంటాం. చాలా చేస్తుంది. రాగి జతలో సిగ్నల్ సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, కాబట్టి 1 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 200 మీటర్లు. ఆ ఖాళీ తీగ 50 మీటర్లుందనుకోండి. తరంగం అందులోకి వెళ్లి, కొస దగ్గర మళ్లి, మొత్తం 100 మీటర్లు తిరిగి వస్తుంది. అంటే సరిగ్గా అర తరంగం ఆలస్యంగా వచ్చి, అసలు సిగ్నల్‌కు ఎదురు నిలిచి దాన్ని కొట్టేస్తుంది. ఏడీఎస్ఎల్ తన పౌనఃపున్యాల పట్టీని 4.3125 కిలోహెర్ట్జ్ దూరంలో ఉండే చిన్న చిన్న టోన్లుగా పంచుకుంటుంది. 1 మెగాహెర్ట్జ్ ఉండేది 232వ టోన్ దగ్గర. అక్కడ గుంట పడితే మోడెమ్ ఆ టోన్‌నీ దాని ఇరుగుపొరుగునూ తక్కువ బిట్లతో నింపుతుంది, మరీ లోతైతే వదిలేస్తుంది. టోన్ మీద ఒక్కో బిట్ విలువ సెకనుకు 4 కిలోబిట్లు. ఇరవై టోన్లలో ఐదేసి బిట్లు పోతే 400 కిలోబిట్లు పోయినట్టు. ఆ తీగ ఊడదీస్తే పైసా ఖర్చు లేకుండా అదంతా వెనక్కి వస్తుంది.

ఫోన్ ఎత్తితే నెట్ పోవడానికి కారణమూ ఇదే కుటుంబంలోది. రిసీవర్ ఎత్తిన క్షణంలో ఫోన్ లోపలి సర్క్యూట్ లైనుకు అడ్డంగా వచ్చి చేరుతుంది, ఇంపెడెన్స్ ఒక్కసారిగా మారుతుంది, మోడెమ్ లంకె తెగుతుంది. దాన్ని ఆపేదే స్ప్లిటర్ అనే ఆ చిన్న డబ్బా. మాటల పౌనఃపున్యాలను మాత్రం ఫోన్‌కు వదిలి, మిగతా వాటికి ఫోన్ అసలు లేనట్టే కనిపించేలా చేస్తుంది.

వానాకాలంలో నెట్ మొండికేయడానికీ లెక్క ఉంది. కేబుల్ అతుకులోకి నీరు చేరితే ఆ చోట కెపాసిటెన్స్ పెరిగి ఇంపెడెన్స్ పడిపోతుంది. కెపాసిటెన్స్‌ను పెంచే గుణమైన పర్మిటివిటీ తీగల మీది పాలిథిన్‌కు రెండున్నర లోపు, నీటికి 80. కేబుళ్లలో జెల్లీ నింపేది ఆ నీటిని రానివ్వకుండానే. విశేషమేమిటంటే, చెడగొట్టే ఆ ప్రతిధ్వనే లోపం ఎక్కడుందో కూడా చెబుతుంది. లైనులోకి ఒక పల్స్ పంపి, అది తిరిగి రావడానికి పట్టిన కాలం కొలుస్తారు. రానూ పోనూ లెక్కేస్తే ఒక్కో మైక్రోసెకనుకు 100 మీటర్ల దూరం. 7 మైక్రోసెకన్లలో తిరిగి వస్తే, 700 మీటర్ల దగ్గర తవ్వాలన్నమాట.

చరిత్రలో ఒక ముక్క: దూరపు మాట స్పష్టంగా వినబడాలని లైను మధ్యమధ్య కాయిల్స్ చేర్చే పద్ధతికి మైఖేల్ పుపిన్ 1900లో అమెరికాలో పేటెంట్ పొందాడు. దానికి సిద్ధాంతం అంతకుముందే ఆలివర్ హెవిసైడ్ చెప్పి ఉన్నాడు. మాటకు అవి గొప్ప మేలు చేశాయి, కానీ వాటిని దాటి బ్రాడ్‌బ్యాండ్ పోలేదు. డీఎస్ఎల్ ఇవ్వాలంటే ముందు వాటిని ఊడదీయాల్సి వచ్చింది.

ఫైబర్ వచ్చింది కదా, ఇదంతా ఇప్పుడెందుకనకండి. మీ రూటర్ నుంచి టీవీకీ, కంప్యూటర్‌కీ వెళ్లే ఈథర్నెట్ తీగా 100 ఓమ్‌లదే, టీవీ కోయాక్స్ 75 ఓమ్‌లది. ఎవరైనా ఈథర్నెట్ తీగకు కనెక్టర్ వేస్తుంటే పక్కన నిలబడి చూడండి: జతల మెలిక 13 మిల్లీమీటర్లకు మించి విప్పనీయకండి. కోసి, చేత్తో మెలేసి, టేపు చుట్టిన అతుకు వద్దని చెప్పండి. ఆ నాలుగు నిమిషాల శ్రద్ధకు ఫలితం మీ ఇంటి నెట్‌లోనే కనబడుతుంది.