తొలిచూలు కుందేలు

మాతృప్రేమను మించినది లోకంలో లేదని పెద్దలు చెబుతారు. అటువంటిది, కన్నతల్లియే తన కూనలను తొక్కి చంపినా, కొరికి తినివేసినా చూచేవారి మనస్సు కలత చెందడం సహజం. కుందేళ్ల పెంపకాన్ని కొత్తగా చేపట్టినవారికి ఈ అనుభవం ఎదురవుతూ ఉంటుంది. రాత్రివేళ ఈనిన కుందేలును చూడవచ్చునని తెల్లవారి ఆశగా వెళ్లినవారికి చల్లబడిన కూనలు చెల్లాచెదురుగా కనిపిస్తాయి. వెంటనే ఆ తల్లిని క్రూరురాలని నిందిస్తారు. ఈ నింద ఎంతవరకు న్యాయమో విచారించవలసి ఉన్నది.

మొదట కుందేలు స్వభావాన్ని తెలుసుకోవాలి. కడప జిల్లాలో జమ్మలమడుగు సమీపాన, గండికోట పరిసరాల ముళ్లపొదలలో తిరుగాడే చెవులపిల్లినీ, ఇంట పెంచే జంతువునూ మనం కుందేలు అనే పిలుస్తాం. కానీ ఈ రెండూ వేరువేరు జాతులు. చెవులపిల్లి బొరియ తవ్వదు. దాని పిల్లలు ఒంటినిండా వెంట్రుకలతో, తెరచిన కన్నులతో పుడతాయి. దానిని పట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పెంపుడు కుందేలు పూర్వీకులు స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతాలలో బొరియలు తవ్వుకొని జీవించిన జంతువులు. దాని కూనలు వెంట్రుకలు లేకుండా, కన్నులు మూసుకొని, తమ ఒంటివేడిని తామే నిలుపుకోలేని స్థితిలో పుడతాయి. సుమారు పది దినాలకు గాని కన్నులు తెరవవు. కనుక వాటికి గూడే ప్రాణాధారం.

పెంపుడు కుందేలు సుమారు 31 దినాలు చూలు మోస్తుంది. ఈనడానికి ముందు దాని శరీరంలో హార్మోన్ల మార్పులు జరుగుతాయి. వాటి ప్రేరణవల్ల గడ్డిపోచలను నోట కరచి తెచ్చి పేర్చుకుంటుంది. తన పొట్టమీది బొచ్చును పీకి గూటిలో పరుస్తుంది. అందువల్ల కూనలకు వెచ్చదనం కలుగుతుంది. చనుమొనలు కూడా బయటపడతాయి. ఈనిన తరువాత తల్లి కూనలను పొదువుకొని కూర్చోదు. సాధారణంగా దినానికి ఒకసారి మాత్రమే గూటిలో ప్రవేశించి, మూడు నాలుగు నిమిషాలు పాలిచ్చి వెడలిపోతుంది. తన రాకపోకలు శత్రువులకు గూటి జాడ తెలుపకుండా ప్రకృతి చేసిన ఏర్పాటు ఇది. దీనిని ఎరుగనివారు తల్లి పిల్లలను విడిచిపెట్టినదని పొరబడతారు.

మరి తొలి ఈతలో ప్రమాదం ఎందుకు సంభవిస్తుంది? తగిన వయస్సు, బరువు రాకముందే చూలు కట్టిన కుందేలుకు శరీరం సిద్ధంగా ఉండదు. కొన్ని తొలిచూలు కుందేళ్లు సకాలంలో బొచ్చు పీకవు. గూటిని విడిచి తీగెల నేలమీద ఈనుతాయి. అక్కడ పడిన కూనలు త్వరలోనే చల్లబడి మరణిస్తాయి. కుక్క మొరిగినా, పిల్లి తచ్చాడినా, జనం గుమిగూడినా తల్లి బెదరి గూటిలోకి దూకి కూనలను తొక్కివేస్తుంది. ఈనిన కుందేలు మాయను తినడం సహజం. ఆ సమయంలో బెదురు, దాహం, పోషకాహార లోపం తోడైతే కూనను కూడా కొరకవచ్చు. చనిపోయి పుట్టిన కూనను తినివేయడమూ కద్దు. దానిని చూచి బ్రతికి ఉన్న కూననే చంపినదని మనం భావిస్తాం.

కడప జిల్లాలో మరొక కారణం కూడా తోడవుతుంది. అది ఎండ. ఇక్కడ వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. కుందేలుకు చెమట పట్టదు. చెవులగుండా కొంత వేడిని వెడలగొట్టుకుంటుంది. రేకుల కప్పు క్రింద ఉంచిన చూలు కుందేలు మేత తగ్గించి నీరసిస్తుంది. అందువల్ల దానికి పాలు తగ్గవచ్చు. పులివెందుల ప్రాంతపు చీనీ తోటలలో వలె చెట్ల నీడ ఉన్నచోట బోనులు ఉంచడం, ఎండవేళ తడి గోనెపట్టాలు వ్రేలాడదీయడం మేలు.

పెంపకందారు చేయవలసిన పనులు కష్టమైనవి కావు. కుందేలుకు ఐదారు నెలలు నిండి, తగిన బరువు వచ్చిన తరువాతనే జత కలపాలి. చూలు కట్టిన 28వ దినాన ఎండుగడ్డి పరచిన గూడుపెట్టెను బోనులో ఉంచాలి. ఈనే దినాలలో చల్లని మంచినీరు ఎల్లప్పుడూ అందుబాటులో ఉండాలి. జనసంచారం తగ్గించాలి. ఈనిన తరువాత పరిశుభ్రమైన చేతులతో గూటిని ఒకసారి పరిశీలించి, చనిపోయిన కూనలను తీసివేయాలి. చల్లబడిన కూనను చూచి మరణించినదని తొందరపడరాదు. మెల్లగా వెచ్చజేస్తే కొన్ని కోలుకుంటాయి. పాలు త్రాగిన కూన పొట్ట గుండ్రంగా ఉంటుంది. త్రాగని దాని చర్మం ముడతలు పడుతుంది. అటువంటి కూనలను అదే సమయంలో ఈనిన మరొక తల్లి వద్ద చేర్చవచ్చు. సందేహం కలిగినప్పుడు పశువైద్యుని సంప్రదించాలి. శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన కళాశాల 2008 నుండి ప్రొద్దుటూరులో ఉన్నది.

తొలి ఈతలో విఫలమైన కుందేళ్లలో అనేకం మలి ఈతలో కూనలను చక్కగా పెంచుతాయి. కనుక ఒక్క తప్పుకే దానిని వదిలించుకోవడం తగదు. సరియైన వసతులు కల్పించినా మాటిమాటికి అదే జరిగితే మాత్రం దానిని ఈతకు వాడరాదు.

గొర్రెలను మేపే కాపరికి ఈ సత్యం క్రొత్తది కాదు. తొలిచూలు గొర్రె పిల్లను దగ్గరకు రానీయకపోతే అతడు దానిని తిట్టడు. తల్లిని పట్టి నిలిపి, పిల్ల నోటికి చన్ను అందించి జున్నుపాలు త్రాగిస్తాడు. రెండు మూడు దినాలలో తల్లి తన పిల్లను గుర్తిస్తుంది. కుందేలు విషయంలోను అంతే. బోనులో బంధింపబడిన ప్రాణికి తావును, నీటిని, నీడను ఎంచుకొనే స్వేచ్ఛ లేదు. వాటిని సమకూర్చవలసిన బాధ్యత బంధించిన మనిషిదే. తల్లిని నిందించడానికి ముందు ఆ బాధ్యతను మనం ఎంతవరకు నెరవేర్చామో ప్రశ్నించుకోవాలి.