ఏ-లెవెల్ గణితం: ఆదిలోనే అందవలసిన ఆసరా

గణితం మన పిల్లలకు పుట్టుకతో అబ్బిన విద్య అనే నమ్మకం ప్రవాస తెలుగు కుటుంబాలలో బలంగా నాటుకొని ఉన్నది. ఆ నమ్మకం పిల్లలకు ఉత్సాహాన్నిచ్చే మాట నిజమే. అయితే పాఠం బోధపడనప్పుడు ఆ సంగతి ఇంట్లో చెప్పుకోలేని సంకోచాన్ని కలిగించేదీ అదే. ఇంగ్లండులో ఏ-లెవెల్ గణితం చదివే విద్యార్థికి ఈ సంకోచం వల్ల కలిగే నష్టం చిన్నది కాదు.

మనం ఇంటర్మీడియట్ చదివిన రోజులలో మొదటి సంవత్సరం చివర బోర్డు పరీక్ష ఉండేది. వెనుకబాటు ఉంటే మార్కుల జాబితాలో బయటపడేది. ఇంగ్లండులో 2017 సెప్టెంబరులో ప్రారంభమైన ఏ-లెవెల్ గణిత ప్రణాళికలో అటువంటి మజిలీ లేదు. శుద్ధగణితం, గణాంకశాస్త్రం, మెకానిక్స్ పరీక్షలన్నీ రెండవ సంవత్సరాంతంలోనే జరుగుతాయి. ఏ.ఎస్. పరీక్ష వ్రాసినా ఆ మార్కులు తుది ఫలితంలో చేరవు. విశ్వవిద్యాలయాల దరఖాస్తులు మాత్రం అంతకు ఎంతో ముందే మొదలవుతాయి. వైద్యవిద్యకు, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలకు గడువు రెండవ సంవత్సరం అక్టోబరు మధ్యలోనే ముగుస్తుంది. దరఖాస్తుతో ఉపాధ్యాయులు పంపే అంచనా గ్రేడు చాలావరకు మొదటి సంవత్సరపు చదువుపైనే ఆధారపడుతుంది. కనుక సహాయం అందవలసిన కాలం ఆ మొదటి సంవత్సరమే.

సాధారణంగా ఇబ్బంది కనబడేది ఒకచోట, దాని మూలం ఉండేది మరొకచోట. ఒకటి బై రూట్ ఎక్స్‌ను అవకలనం చేయమంటే విద్యార్థి ఆగిపోయాడనుకుందాం. అవకలన సూత్రం అతనికి కంఠస్థమే. దానిని ఎక్స్ ఘాతం మైనస్ అరగా వ్రాయవచ్చునన్న విషయమే తట్టలేదు. లోపం కలనగణితంలో లేదు, జి.సి.ఎస్.ఇ.లో చదివిన ఘాతాంకాలలో ఉన్నది. దానిని సరిదిద్దడానికి కొద్ది రోజుల అభ్యాసం చాలు. విడిచిపెడితే సమాకలనంలోనూ, లాగరిథమ్‌లలోనూ అదే చిక్కు మళ్ళీ ఎదురవుతుంది.

రసాయన పరిశోధకుడిగా మరొక మాట చెప్పాలి. ఈ లోపం గణితానికే పరిమితం కాదు. ఏ-లెవెల్ పరీక్షలలో గణిత నైపుణ్యాలకు కేటాయించిన మార్కులు రసాయనశాస్త్రంలో కనీసం 20 శాతం, భౌతికశాస్త్రంలో 40 శాతం, జీవశాస్త్రంలో 10 శాతం. పి.హెచ్. విలువ ఒకటి తగ్గితే హైడ్రోజన్ అయాన్ల గాఢత పదిరెట్లు పెరుగుతుంది. లాగరిథం తెలియని విద్యార్థికి ఇది బట్టీపట్టే వాక్యం. తెలిసినవానికి సహజమైన పర్యవసానం.

మరి తల్లిదండ్రులు చేయగలిగినదేమిటి? మొదటి ఆరు వారాలలోనే భిన్నాలు, ఘాతాంకాలు, కారణాంక విభజన, సమీకరణాల సాధన కాల్‌క్యులేటర్ లేకుండా చేయించి చూడాలి. ఉపాధ్యాయులను కలిసినప్పుడు "మావాడు ఎలా చదువుతున్నాడు?" అని కాక, "ఏ మెట్టు దగ్గర ఆగుతున్నాడు?" అని అడగాలి. చాలా పాఠశాలలలో మధ్యాహ్న విరామంలోనో, సాయంత్రమో గణిత సహాయ తరగతులు ఉచితంగా నడుస్తాయి. వాటికి వెళ్ళడం నామోషీ కాదని చెప్పవలసినవారు తల్లిదండ్రులే. లెక్కలు బాగా వచ్చిన తండ్రి కలం లాక్కొని చకచకా చేసి చూపిస్తే బిడ్డకు ఒరిగేది స్వల్పం. బిడ్డ చేత చెప్పించి, తాను వినాలి. తడబడిన చోటే మందు వేయవలసిన చోటు.

గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకని మన పెద్దలు అన్నారు. పరీక్షల ముందు వసంతకాలంలో వేల పౌండ్లు పోసి పెట్టే ట్యూషన్ గొడ్డలి వంటిది. "నాకిది అర్థం కాలేదు" అని అక్టోబరులోనే నిర్భయంగా చెప్పగలిగే ఇల్లు ఉంటే, గోరు చాలు.