భూగర్భ వీధులు: బెలుం గుహలలో ఒక హేమంత దినము

పుష్యమాసపు తెల్లవారుజామున ప్రొద్దుటూరులో బస్సెక్కునప్పుడు మాకు రెండు శాలువలు చాలలేదు. మూడు గంటల తరువాత, నేల క్రింద నూరడుగుల లోతున, చొక్కా పిండుకొనవలసినంత చెమట పట్టినది. ఈ వింతకు కారణమేమో చెప్పుటకే ఈ ప్రసంగము.

మా మిత్రుడొకరు పులివెందులలో ఉన్నారు. ముప్పది ఏండ్లు భూగర్భశాస్త్రము బోధించి విశ్రాంతి తీసుకొనుచున్నవారు. ఆయన ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు చేరి, బస్టాండులో మాకొరకు కాచుకొనియున్నారు. మా భుజమున వ్రేలాడు రికార్డరు సంచిని చూచి, “ఏమప్పా, రాళ్ళతో కూడా మాట్లాడిస్తావా రేడియోలో?” అన్నారు. నిజమునకు మా ఉద్దేశము అదే. పాతాళగంగ నీటి చప్పుడును శ్రోతలకు వినిపింపవలెనని చాలకాలముగా కోరిక.

జమ్మలమడుగు దాటి పెన్నకు ఉత్తరముగా పోవు త్రోవలో నాపరాయి లేనిచోటు లేదు. ఇండ్ల గోడలు నాపరాయి, గడపలు నాపరాయి, చేని గట్లకు నిలువునా పాతినవి నాపరాళ్ళు. మన ఇండ్లలో చాలమంది పరుండునది, భోజనము చేయునది ఈ బండల మీదనే. ఇది సున్నపురాయి. కడప జిల్లాలోని నార్జి గ్రామము పేరిట శాస్త్రజ్ఞులు దీనికి నార్జి సున్నపురాయి అని పేరు పెట్టినారు. భూమిపై చేపలైనను పుట్టకముందు, ఇచట సముద్రమున్న కాలములో, అడుగున పొరపొరగా పేరుకొన్న బురద ఇది. రాయి పలకలుగా చీలుటకు ఆ పొరలే కారణము. గుహ పుట్టినదియు ఈ రాతిలోనే.

బెలుం గ్రామము కొలిమిగుండ్ల మండలములోనిది. పూర్వము కర్నూలు జిల్లా, 2022 నుండి నంద్యాల జిల్లా. బిలమనెడి మాట నుండియే ఆ పేరు వచ్చినదందురు. చదునైన పొలము నడుమ బావులవంటి మూడు గోతులు. నడిమి దానిలోనికి మెట్లు. కొండ లేదు, కోన లేదు. క్రొత్తగా వచ్చువారు “గుహలెక్కడ?” అని అడుగుటలో తప్పులేదు.

1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు వీనిని గూర్చి వ్రాసినాడు. పిదప దాదాపు నూరేండ్లు ఎవరికిని పట్టలేదు. చుట్టుప్రక్కల వారు చెత్త పారవేయు గోతులుగా వాడుకొనిరి. 1982, 83 సంవత్సరాలలో హెర్బర్ట్ డేనియల్ గెబాయర్ నాయకత్వాన జర్మను బృందమొకటి ప్రాకుచు, దేకుచు లోపలి దారులను కొలిచినది. మొత్తము పొడవు 3,229 మీటర్లు. మేఘాలయ కొండలలో ఇంతకంటె ఎంతో పొడవైనవి ఉన్నవిగాని, మైదాన ప్రాంతపు గుహలలో మనదేశములో ఇదియే పెద్దది. 2002లో ప్రజల దర్శనమునకు తెరచిరి. నడువదగినదిగా చేసినది అందులో సుమారు ఒకటిన్నర కిలోమీటరు.

మెట్లు దిగుచుండగానే మిత్రుడు ఆగి, “చేయి పెట్టి చూడప్పా” అన్నారు. పాదాల వద్ద చల్లని గాలి లోనికి జారుచున్నది. నెత్తిమీదుగా వెచ్చని గాలి వెలికి వచ్చుచున్నది. గుహలోపల ఏడాది పొడవునా వేడి ఇంచుమించు ఒక్కటే. అది ఆ సీమలో పన్నెండు నెలల ఎండకు, చలికి సగటు. వేసవిలో బయటి గాలి కాగి తేలికై పైననే ఉండును గనుక, లోపలి బరువైన గాలి కదలదు. చలికాలపు రాత్రులలో బయటి గాలియే బరువెక్కి గోతులలోనికి దిగును. లోపలి వెచ్చని గాలి పైకి పోవును. అనగా గుహ శీతకాలములోనే చక్కగా ఊపిరి తీయును. గుహలు చూడబోవువారు ఎండలకు భయపడి వేసవిలో లోనికి పోదురు. మా ఎరుకలో ఇది తలక్రిందులైన తెలివి. వానకాలములో నీటి భయము వేరే.

లోపలి దారులు ఒకదానితో ఒకటి కలియు విధము చూడదగినది. వాననీరు గాలిలోను, మట్టిలోను ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకొని పలుచని ఆమ్లమగును. ఆ నీరు రాతి నెరియలలో దిగి సున్నమును కరిగించును. ఈ నెరియలు ఒక వరుస ఒక దిక్కుగా, మరియొక వరుస దానికి అడ్డముగా ఉండుటచేత, కరగి ఏర్పడిన సొరంగాలు ఊరి వీధులు, అడ్డసందులవలె కలిసికొనుచుండును. రెండు నెరియలు ఖండించుకొన్నచోట నీటికి చోటు ఎక్కువ. అక్కడ గదులు, మండపాలు. మూడవమారు ఒకే కూడలికి వచ్చితిమని మాకు తోచినప్పుడు మిత్రుడు నవ్వి, “ఇది వేరే కూడలి. పొరలు చూడు, రెండు జానలు దిగినాం” అన్నారు. మాకు దిక్కు తెలియలేదు. ఆయన రాయిని చదువుకొనుచు నడచినారు.

కరిగిన సున్నము చూరునుండి చుక్కలు చుక్కలుగా జారి, తిరిగి రాయియై ఊడలు దిగును. అంగుళము పెరుగుటకు వందల ఏండ్లు పట్టును. కోటిలింగాలు, వేయిపడగలు, మర్రిచెట్టు అని జనులు పెట్టిన పేర్లన్నియు ఈ ఊడలకే. సప్తస్వరాల గుహలోని ఊడలు తట్టిన లోహమువలె మ్రోగును. తట్టరాదని మేమనుకొన్నాము, తట్టలేదు. ప్రక్కనున్న పిల్లవాడొకడు తట్టినాడు. రికార్డరును మాత్రము ఆపలేదని ఒప్పుకొనుచున్నాము.

అన్నిటికంటె లోతైనది పాతాళగంగ, నేలనుండి 46 మీటర్లు. అక్కడికి రానవసరము లేదని మిత్రుడు ముందే అన్నారు. “నీ వొక్కడివే పోయిరా” అన్నారు. చప్పుడును వివరించువారు ప్రక్కనుండవలెనని మేమే బలవంతపెట్టితిమి. ఆ తప్పు మాది.

అచట చిన్న ఊట ఆగ్నేయము నుండి వాయవ్యమునకు పారి, రాతిలో మాయమగును. రెండు కిలోమీటర్ల దూరాన బెలుం ఊరి బావిలో ఆ నీరే తేలునని అక్కడివారి నమ్మకము. మైకు నీటి దగ్గర పెట్టి పది నిమిషములు కదలకుండ కూర్చున్నాము. తిరిగి ఎక్కునప్పుడు మిత్రునికి ఊపిరి అందలేదు. లోతున గాలి నిలిచిపోవును. మనుష్యులు విడిచిన బొగ్గుపులుసు వాయువు అక్కడనే చేరును. తేమచేత చెమట ఆరదు, ఒడలు చల్లబడదు. నడుమనడుమ గాలికొరకు నేలపైనుండి తొలిచిన రంధ్రములున్నవి. అట్టి రంధ్రము క్రిందికి చేర్చి కూర్చుండబెట్టినాము. మేము భయపడుచుండగా ఆయన మాత్రము వ్రేలు చూపి, “ఈ పొర చూడు, అలల గుర్తులు” అన్నారు. మేము పొర చూడలేదు. ఆయన పెదవుల రంగు చూచుచుంటిమి. ఇరువది నిమిషములకు లేచినారు. పైకి వచ్చుటకు మరి ముప్పావు గంట పట్టినది.

స్టూడియోకు వచ్చి విన్నప్పుడు, నీటి చప్పుడుతో పాటు ఆయన ఊపిరి కూడ స్పష్టముగా వినవచ్చినది. కత్తిరింపుమని సహోద్యోగి సలహా. మిత్రునికే ఫోనులో వినిపించితిమి. కాసేపు విని, “నీళ్ళు బాగా పడినాయప్పా, అట్లే ఉండనీ” అన్నారు. అట్లే ఉంచినాము.