వేగం, వడి, త్వరణం: మూడూ ఒకటి కావు

'వేగంగా రా', 'వడిగా నడు', 'త్వరగా తెములు'. ఇంట్లో ఈ మూడింటికీ అర్థం ఒక్కటే. భౌతికశాస్త్రం క్లాసులో మాత్రం వేగం, వడి, త్వరణం దేనికదే. లెక్కలు తప్పేది చాలావరకు ఇక్కడే.

అపోహ: సగటు వడి అన్నా, సగటు వేగం అన్నా ఒకటే.

వాస్తవం: వడికి నడిచిన దూరం లెక్క. వేగానికి స్థానభ్రంశం లెక్క, అంటే బయలుదేరిన చోటి నుంచి చేరిన చోటు నేరుగా ఎంత దూరం, ఏ దిక్కున ఉందన్నది. 400 మీటర్ల ట్రాక్‌ను 80 సెకన్లలో చుట్టి వచ్చిన అమ్మాయి సగటు వడి సెకనుకు 5 మీటర్లు. మొదలెట్టిన గీత దగ్గరికే వచ్చింది కాబట్టి సగటు వేగం సున్నా!

అపోహ: వెళ్లేటప్పుడు గంటకు 40 కిలోమీటర్లు, వచ్చేటప్పుడు 60. సగటు వడి 50.

వాస్తవం: కాదు, 48. ఊరు 120 కిలోమీటర్ల దూరమనుకోండి. పోవడానికి 3 గంటలు, రావడానికి 2. మొత్తం 240 కిలోమీటర్లను 5 గంటలతో భాగిస్తే 48. నెమ్మదిగా నడిపిన సమయమే ఎక్కువ, అందుకే సగటు అటు మొగ్గింది. రెండు వడులకూ సమానమైన సమయం పట్టి ఉంటే 50 సరైన జవాబే.

అపోహ: ఎంత త్వరగా పోతే అంత త్వరణం.

వాస్తవం: త్వరణం చెప్పేది వేగం ఎంత ఉందని కాదు, సెకను సెకనుకూ ఎంత మారుతోందని. తిన్నని పట్టాల మీద గంటకు 130 కిలోమీటర్లతో నిలకడగా పోయే రైలుకు త్వరణం సున్నా. సిగ్నల్ దగ్గర కదిలి, 4 సెకన్లలో సెకనుకు 8 మీటర్ల వేగం అందుకున్న ఆటోకు సగటు త్వరణం 2 మీ/సె².

అపోహ: పైకి విసిరిన బంతికి కొసన త్వరణం ఉండదు.

వాస్తవం: ఆ క్షణాన వేగమే సున్నా. త్వరణం ఎక్కేటప్పుడూ, దిగేటప్పుడూ, కొసనా కిందివైపు 9.8 మీ/సె². అదీ సున్నా అయితే బంతి గాల్లోనే నిలిచిపోవాలి. పైదిశను ధనంగా తీసుకుంటే ఈ త్వరణానికి ఎప్పుడూ రుణ గుర్తే. అయినా దిగే బంతి వడి పెరుగుతుంది. గుర్తు చెప్పేది దిక్కునే.

అపోహ: స్పీడోమీటర్ ముల్లు కదలకపోతే త్వరణం లేనట్టే.

వాస్తవం: ఘాట్ రోడ్డు మలుపులో బస్సు ఒకే వడితో తిరిగినా మనం పక్కకు ఒరుగుతాం. దిక్కు మారితే వేగం మారినట్టే, కాబట్టి త్వరణం ఉన్నట్టే.

ఈ చిక్కులో పడ్డది మన పిల్లలే కాదు. జారిపడే వస్తువు వేగం పడిన దూరాన్ని బట్టి పెరుగుతుందని 1604లో గెలీలియో అనుకున్నాడు. గడిచిన కాలాన్ని బట్టి పెరుగుతుందని 1638 నాటి తన పుస్తకంలో సరైన సూత్రం చెప్పాడు. లెక్క మొదలెట్టే ముందు మనమూ అడగాల్సింది అదే: ఏది మారుతోంది, దేన్ని బట్టి మారుతోంది?