లాడ్ బజార్ నుంచి వీసా కిటికీ దాకా

వీసా కోరేవారు స్వయంగా హాజరు కావాలన్న నిబంధన నడవగలిగిన, చూడగలిగిన, వినగలిగిన, పది వేళ్లూ సక్రమంగా ఉన్న మనిషిని మనసులో పెట్టుకుని రాసినది. ఆ కొలతకు సరిపోని శరీరంతో వచ్చేవారికి ఎన్ని అడ్డంకులు ఎదురవుతాయో తెలియాలంటే లెక్కను కాన్సులేట్ గేటు దగ్గర కాక, దరఖాస్తుదారు ఇంటి గడప దగ్గర మొదలుపెట్టాలి. హైదరాబాదు పాతబస్తీలోని లాడ్ బజార్ ఇందుకు తగిన చోటు. 1591లో కట్టిన చార్మినార్ నుంచి పడమరగా సాగే ఈ వీధి లక్క గాజులకు పేరుమోసింది, 2024లో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఈ వీధి చుట్టుపక్కల మొహల్లాల్లో గల్ఫ్‌లోనో అమెరికాలోనో పిల్లలున్న తల్లిదండ్రులు, వీసా స్లాట్ కోసం ఎదురుచూసే కుటుంబాలు ఎక్కువే.

ముందుగా రెండు మాటలకు అర్థం చెప్పుకోవాలి. రాయబార కార్యాలయం, అంటే ఎంబసీ, దేశ రాజధానిలో ఉంటుంది. కాన్సులేట్ మరో నగరంలో ఉండి వీసాల వంటి పనులు చూస్తుంది. తెలుగువారిలో ఎక్కువమందికి పరిచయమైనది హైదరాబాదులోని అమెరికా కాన్సులేట్. 2008లో బేగంపేటలోని పైగా ప్యాలెస్ అనే పాత భవనంలో మొదలైన ఆ కార్యాలయం 2023 మార్చి 20న నానక్‌రామ్‌గూడలో 34 కోట్ల డాలర్లతో కట్టిన కొత్త ప్రాంగణానికి మారింది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఒడిశా రాష్ట్రాల దరఖాస్తుదారులు ఇక్కడికే రావాలి, వారికోసం 54 వీసా కిటికీలు ఏర్పాటయ్యాయి. అయితే అక్కడికి ఒకసారి వెళ్తే పని పూర్తి కాదు. ఇంటర్వ్యూకు ముందు ఫొటో, వేలిముద్రలు ఇవ్వడానికి వీసా దరఖాస్తు కేంద్రానికి విడిగా వెళ్లాలి. ఆ కేంద్రం 2023 జనవరి నుంచి మాదాపూర్‌లోని హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లో నడుస్తోంది. చక్రాల కుర్చీలో కదిలేవారికి ఇది రెండు ప్రయాణాల పని.

ఆ ప్రయాణంలో అన్నిటికంటే కష్టమైన భాగం మొదటి అర కిలోమీటరే. చార్మినార్ పాదచారుల పథకం కింద చుట్టూ గ్రానైట్ రాళ్లు పరిచి, వాహనాలు రాకుండా పొట్టి స్తంభాలు నాటడం నడిచేవారికి మేలు చేసిన పనే. కానీ రాయికీ రాయికీ మధ్య సందులో కుర్చీ ముందు చక్రం దిగబడితే కూర్చున్న మనిషి ముందుకు తూలిపడే ప్రమాదం ఉంది. ఇక స్తంభాల మధ్య ఎడం సరిపోని చోట మోటారు సైకిలును ఆపాలనుకున్న ఏర్పాటు కుర్చీనే ఆపేస్తుంది. దుకాణాల ముందు బల్లలు, గాజుల పెట్టెలు, బేరమాడే జనం మధ్య మిగిలిన దారి గురించి వేరే చెప్పనక్కరలేదు. పాతబస్తీ లోపలికి మెట్రో ఇంకా రాలేదు కాబట్టి ఆటోలో కుర్చీ మడిచి పెట్టుకుని ఎంజీబీఎస్ స్టేషన్ చేరి, ఎర్ర లైనులో అమీర్‌పేట దాకా వెళ్లి, అక్కడ నీలి లైనుకు మారి హైటెక్ సిటీలో దిగాలి. మెట్రో ఎక్కాక పరిస్థితి తేలికపడుతుంది: లిఫ్టులున్నాయి, టికెట్ గేట్ల దగ్గర వెడల్పాటి దారి ఉంది, చూపు లేనివారికి నేలమీద గరుకు పలకల బాట ఉంది. మిగిలే చిక్కు రెండో ప్రయాణానిది, ఎందుకంటే నీలి లైను రాయదుర్గం దగ్గరే ముగుస్తుంది. అక్కడి నుంచి నానక్‌రామ్‌గూడకు మళ్లీ కారో ఆటోనో వెతుక్కోవాలి.

ఇక చట్టం సంగతి. కాన్సులేట్ ఉన్న నేల విదేశపు నేల అని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. కాన్సులర్ సంబంధాలపై 1963 నాటి వియన్నా ఒప్పందం 31వ అధికరణం ప్రకారం కాన్సులేట్ పనికి వాడే ప్రాంగణంలోకి స్థానిక అధికారులు అనుమతి లేకుండా అడుగుపెట్టకూడదు. అదే ఒప్పందం 55వ అధికరణం ఆ కార్యాలయంవారు ఆతిథ్య దేశపు చట్టాలను గౌరవించాలని చెబుతుంది. అంటే భారత చట్టం ఆ గోడ దగ్గర రద్దయిపోదు గానీ, దాన్ని అమలు చేయించే అధికారి మాత్రం గోడ బయటే నిలబడాలి. అమెరికా సొంత చట్టమైనా ఆదుకుంటుందా అంటే, ప్రభుత్వ కార్యక్రమాల్లో వికలాంగుల పట్ల వివక్షను నిషేధించే 1973 నాటి పునరావాస చట్టం 504వ సెక్షన్ ఆ రక్షణను ‘అమెరికాలోని’ వ్యక్తికి అని రాసుకుంది, నానక్‌రామ్‌గూడలో వరుసలో నిలబడిన వ్యక్తికి అని కాదు.

భారత చట్టం మాత్రం విస్తృతమైనదే. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికను భారతదేశం 2007లో ధ్రువీకరించింది. దానికి అనుగుణంగా వచ్చిన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, ప్రజలు వాడే భవనాలన్నీ, ప్రైవేటు సంస్థలవి సహా, అందరూ వాడుకోగలిగేలా ఉండాలని నిర్దేశించింది. పాత భవనాలను సరిచేయడానికి ఇచ్చిన ఐదేళ్ల గడువు 2022లోనే ముగిసింది. ఆ ప్రమాణాలు ఎంత నిర్దిష్టమైనవో ఒక్క ఉదాహరణ చాలు: ర్యాంప్, అంటే మెట్లకు బదులు వేసే వాలుదారి, ఒక అడుగు ఎత్తుకు కనీసం పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. రెండడుగుల పొడవున చెక్కపలక ఆనించి ర్యాంప్ అని పేరు పెట్టే దుకాణాలు, ఆఫీసులు మన ఊళ్లలో కోకొల్లలు. దానిమీద కుర్చీ ఎక్కించడం కన్నా మనిషిని ఎత్తుకుపోవడం సులభం.

ఇక్కడ హైదరాబాదుకే చెందిన ఒక సంగతి ఉంది. చూపు లోపం ఉన్న రాజీవ్ రతూరి 2005లో సుప్రీంకోర్టులో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో, దేశంలో ప్రజలు వాడే చోట్లు వికలాంగులకు ఎంత అందుబాటులో ఉన్నాయో పరిశీలించి నివేదిక ఇచ్చే బాధ్యతను కోర్టు శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రానికి అప్పగించింది. ఆ నివేదికను ఆధారం చేసుకుని 2024 నవంబరు 8న ఇచ్చిన తీర్పులో కోర్టు, వికలాంగుల హక్కుల చట్టం కింద వచ్చిన 2017 నాటి నిబంధనల్లోని 15వ నిబంధన ఆ చట్టానికే విరుద్ధమని కొట్టివేసింది. చట్టం తప్పనిసరి చేసిన ప్రమాణాలను ఆ నిబంధన కేవలం సలహాల స్థాయికి దించిందన్నది కారణం. అంతకంటే ముఖ్యంగా ఆ తీర్పు రెండు భావనలను వేరుచేసి చూపింది. ఒకటి సుగమ్యత, అంటే ఎవరూ అడగకముందే, ఎవరు వస్తారో తెలియకముందే ఏర్పాటు సిద్ధంగా ఉండడం. రెండోది సముచిత సర్దుబాటు, అంటే ఫలానా వ్యక్తి ఫలానా ఇబ్బంది చెప్పుకున్నాక అతని కోసం చేసే మార్పు. రెండోది మొదటిదానికి బదులు కాదు.

వీసా వ్యవస్థను ఈ గీటురాయి మీద రుద్దితే అది దాదాపు పూర్తిగా రెండోదాని మీదే నడుస్తోందని తేలుతుంది. అడిగినవారికి కుర్చీ దొరుకుతుంది, అడిగినవారిని వరుసలో ముందుకు పంపుతారు, అడిగితే సహాయకుడి విషయం పరిశీలిస్తారు. అడగాలని తెలియనివారికి, అడిగితే వీసాకే ముప్పు వస్తుందని జంకేవారికి ఏమీ అందదు. ఆ జంకును తీసిపారేయడానికి లేదు. 1882 నాటి అమెరికా వలస చట్టం మతిస్థిమితం లేనివారిని, తమను తాము పోషించుకోలేనివారిని ఓడ దిగనివ్వకూడదని రాసింది, ఆ జ్ఞాపకం తరాలు దాటి వచ్చింది. కానీ నేటి సందర్శక వీసాలో ర్యాంప్ కావాలని కోరడం తిరస్కరణకు కారణం కాదు, ఆ విషయం దరఖాస్తుదారులకు స్పష్టంగా తెలియాలి.

వేలిముద్రల సంగతి మరీ సూక్ష్మమైనది. లక్క గాజు చేసే చేతులను గమనిస్తే అర్థమవుతుంది: బొగ్గు నిప్పు మీద మెత్తబడిన లక్కను వేడివేడిగా సాగదీసి, గుండ్రంగా చుట్టి, చల్లారకముందే ఒక్కొక్క రాయిని వేలికొనతో అదుముతారు. ఏళ్ల తరబడి ఇదే పని చేస్తే వేలికొనల గీతలు అరిగిపోవచ్చు, అలాంటి వేలిని యంత్రం చదవలేకపోవచ్చు. చట్టం చెప్పే 21 రకాల్లో ఇది లేదు, అయినా గాజు పలక మీద వేలు పెట్టిన క్షణంలో ఆ మనిషికి ఎదురయ్యేది వైకల్యమే. ఐరోపాలోని షెంగెన్ దేశాల వీసా నియమావళి ఈ విషయంలో ముందుంది: శారీరకంగా వేలిముద్రలు ఇవ్వలేనివారికి అది మినహాయింపు ఇస్తుంది, ఇబ్బంది ఎదురైనప్పుడు దరఖాస్తుదారు గౌరవానికి భంగం కలగని పద్ధతి ఉండాలని కూడా చెబుతుంది. మన దేశంలో 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో సుప్రీంకోర్టు, కళ్లు ఆర్పి చూపమనే డిజిటల్ గుర్తింపు పద్ధతి యాసిడ్ దాడి బాధితులను, అంధులను ఎలా బయటకు నెడుతుందో పరిశీలించి, డిజిటల్ సేవలను అందుకోవడం జీవించే హక్కులో భాగమని తేల్చింది.

ఫొటో నిబంధనల్లోనూ ఇలాంటి చిన్న సందులున్నాయి. అమెరికా వీసా ఫొటోలో 2016 నవంబరు నుంచి కళ్లజోడు కుదరదు, వైద్య కారణంతో తీయలేనివారు డాక్టరు లేఖ జతచేయాలి. నిత్యం వాడే వినికిడి యంత్రాన్ని మాత్రం ఉంచుకోవచ్చు. ఇంటర్వ్యూ కిటికీ దగ్గర మందపాటి గాజు, మైకు ఉంటాయి, వినికిడి తగ్గినవారికి పెదవుల కదలికే ఆధారం. బధిరులకు సంజ్ఞాభాష తెలిసిన దుబాసీ కావాలంటే భారతీయ సంజ్ఞాభాష, అమెరికన్ సంజ్ఞాభాష పూర్తిగా వేర్వేరని గుర్తుంచుకోవాలి.

ఈ సమస్య ఇటీవల మరింతమందిని తాకింది. 79 ఏళ్లు దాటినవారికి అమెరికా వీసా ఇంటర్వ్యూ నుంచి లభించే మినహాయింపు 2025 సెప్టెంబరు 2 నుంచి సాధారణంగా లేకుండాపోయింది. ఇంటర్వ్యూ లేకుండా పత్రాలు మాత్రమే ఇచ్చే డ్రాప్‌బాక్స్ సౌకర్యమూ కొద్దిమంది రెన్యువల్ దరఖాస్తుదారులకే పరిమితమైంది. మనవడిని చూడడానికి వెళ్లే 80 ఏళ్ల నానమ్మ, మోకాళ్లు సహకరించకపోయినా, వైకల్య ధ్రువీకరణ పత్రం చేతిలో లేకపోయినా, ఇప్పుడు కిటికీ దాకా రావలసిందే. కొన్ని దేశాల దరఖాస్తు కేంద్రాలు ఇంటికే వచ్చి వేలిముద్రలు తీసుకునే సేవను అదనపు రుసుముతో అమ్ముతున్నాయి. తీరిక లేనివారికి అది విలాసం కావచ్చు గానీ, మంచం దిగలేనివారి దగ్గర అదే రుసుము వసూలు చేయడం అన్యాయం.

దరఖాస్తు కేంద్రాల విషయంలో దరఖాస్తుదారుల చేతిలో ఒక బలం ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా వాడుకోవడం లేదు. చాలా దేశాలు ఈ పనిని ప్రైవేటు కంపెనీలకు అప్పగించాయి. అవి మన భవనాల్లో, మన మాల్స్‌లో అద్దెకుండే సంస్థలు, కాన్సులేట్ గోడకున్న రక్షణ వాటికి ఉందనడానికి ఆధారం బలహీనం. అక్కడ మెట్లు తప్ప దారి లేకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు. వికలాంగుల హక్కుల చట్టం 89వ సెక్షన్ ప్రకారం మొదటి ఉల్లంఘనకు 10,000 రూపాయల దాకా, తర్వాతి వాటికి 50,000 నుంచి 5 లక్షల రూపాయల దాకా జరిమానా పడుతుంది.

ఈ పరిస్థితి మారేదాకా దరఖాస్తుదారులు ముందుగానే చేసుకోగలిగిన పని ఒకటుంది. స్లాట్ ఖరారైన రోజే దరఖాస్తు కేంద్రానికీ కాన్సులేట్‌కూ విడివిడిగా ఈమెయిల్ రాసి, చక్రాల కుర్చీయో, సహాయకుడో, సంజ్ఞాభాష తెలిసినవారో, ఏది కావాలో పేర్కొని, జవాబు తెప్పించుకోవాలి. ఆ జవాబును కాగితం మీద అచ్చు తీయించి, కలం, తెల్ల కాగితంతో పాటు వెంట పెట్టుకోవాలి. కాన్సులేట్ లోపలికి ఫోన్లు రానివ్వరు. జవాబు ఫోనులోనే ఉంటే అది గేటు బయటే ఉండిపోతుంది.