ఈ-మెయిల్ సర్వర్ల సామర్థ్య నిర్ణయం: పరిశీలించవలసిన అంశాలు

కార్యాలయాలకు ఈ-మెయిల్ సర్వర్లను సమకూర్చుకునేటప్పుడు మెయిల్ బాక్సుల సంఖ్యను మాత్రమే ప్రాతిపదికగా తీసుకోవడం సరికాదు. వాటి ద్వారా రోజుకు ఎన్ని సందేశాలు వెళుతున్నాయి, ఎన్ని వస్తున్నాయి అన్నదానిని బట్టి ప్రాసెసర్, మెమరీ అవసరాలు మారుతాయి.

ఎక్స్ఛేంజ్ సర్వర్ 2007కు మైక్రోసాఫ్ట్ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు ఇందుకు ఉదాహరణ. రోజుకు 5 సందేశాలు పంపి 20 అందుకునేవారిని స్వల్ప వినియోగదారులుగా, 20 పంపి 80 అందుకునేవారిని అధిక వినియోగదారులుగా పరిగణించారు. సర్వర్‌కు 2 జీబీ మెమరీతో పాటు ఒక్కొక్క మెయిల్ బాక్సుకు స్వల్ప వినియోగమైతే 2 ఎంబీ, అధిక వినియోగమైతే 5 ఎంబీ చొప్పున కలపాలని సూచించారు. ఈ లెక్కన 2,000 మెయిల్ బాక్సులకు మొదటి సందర్భంలో సుమారు 6 జీబీ, రెండవ సందర్భంలో సుమారు 12 జీబీ అవసరమవుతుంది.

తరచుగా వాడే సమాచారం మెమరీలో ఉన్నంతవరకు డిస్కును పదేపదే చదవనక్కరలేదు. మెమరీ చాలనప్పుడు డిస్కుపై భారం పెరిగి సందేశాలు తెరుచుకోవడంలో జాప్యం జరుగుతుంది.

ప్రాసెసర్ సామర్థ్యాన్ని రోజువారీ సగటుపై కాక, అత్యధిక రద్దీ గల గంటపై లెక్కించాలి. వైరస్, స్పామ్ తనిఖీల భారాన్ని కూడా చేర్చాలి. నాలుగు సర్వర్లు 60 శాతం భారంతో పనిచేస్తుండగా ఒకటి నిలిచిపోతే, మిగిలిన మూడింటిపై భారం 80 శాతానికి చేరుతుంది. మొదటే 80 శాతం ఉన్నట్లయితే ఆ మూడూ భారాన్ని మోయలేవు.

ఎక్స్ఛేంజ్ 2007కు సంస్థ మద్దతు 2017 ఏప్రిల్‌లో ముగిసింది. ఎక్స్ఛేంజ్ 2019లో మెయిల్ బాక్స్ సర్వర్‌కు 128 జీబీ మెమరీని సిఫార్సు చేశారు. అందువల్ల పాత అంకెలను టెండరు పత్రాలలో యథాతథంగా వాడరాదు. వాస్తవ వినియోగాన్ని ముందుగా కొలిచినట్లయితే అనవసర వ్యయాన్ని, సేవల అంతరాయాన్ని నివారించవచ్చు.